అందరికీ మొదటి ప్రయారిటీ

విజయవాడ నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్లే హైవే పక్కన ఒక రెడీమిక్స్ కాంక్రీటు ప్లాంటులో నేను డిస్పాచరుగా పనిచేసేదాన్ని. శ్లాబు వేసుకునేవాళ్లూ గోడౌన్లు కట్టేవాళ్లూ ఫోన్ చేసి కాంక్రీటు అడుగుతారు. ప్లాంటులో కలిపి, డ్రమ్ము తిరిగే మిక్సర్ లారీల్లో పంపుతారు. ఏ లారీ ఎక్కడికి పోవాలి, ఎక్కడ ఇరుక్కుంది, ఏ సైటు ముందు, ఏ సైటు వెనక అన్నది నా పని. ఆదివారం చర్చిలో ప్రకటనలు చదివే గొంతు నాది. ఇంటర్వ్యూలో ఆ ఒక్క ముక్క చెప్పినందుకే ఉద్యోగం ఇచ్చారు.

కాంక్రీటుకి మర్యాదలు తెలియవు. తోడేసిన పాలు పెరుగైనట్టు దాని వేళకి అది గట్టిపడిపోతుంది. ఎండీ గారు మీటింగ్‌లో ఉన్నారంటే ఆగదు.

అప్పట్లో నా బల్ల మీద పాత వైర్‌లెస్ సెట్టు ఒకటి ఉండేది, మెడ వంగిన మైకుతో. అందరికీ ఒకటే ఛానల్. ఎవరు మాట్లాడినా అందరికీ వినిపించేది. "జంక్షన్ దగ్గర లారీ తిరగబడింది, లోపలి రోడ్డున రండి" అని ఒక డ్రైవరు అంటే, నేను చెప్పే పని లేకుండా వెనక బండ్లన్నీ దారి మార్చుకునేవి. గరగర, అరుపులు, మధ్యలో ఎవరో దగ్గడం. అందంగా ఉండేది కాదు గానీ పని జరిగేది.

ఒకసారి మా ఎండీ గారు హైదరాబాదులో ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్లొచ్చారు. అక్కడ గోడంత స్క్రీన్ల ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనుషుల్ని చూశారట. తిరిగొచ్చి నా పాత సెట్టు వైపు, ఎవరో ఎంగిలాకు తీయకుండా వదిలేసినట్టు చూశారు.

"ఇదేంటమ్మా, పోలీస్ స్టేషన్ లాగా. మనక్కూడా డిజిటల్ ఉండాలి. కన్సోల్ ఉండాలి."

"కన్సోల్ ఉండాల్సిందే సార్" అన్నారు పక్కనున్న జీఎం గారు. ఎండీ గారు అన్నదాన్ని కాస్త గట్టిగా మళ్లీ అనడమే, నాకు తెలిసినంతవరకు, జీఎం గారి ఉద్యోగం.

డిజిటల్ సెట్లు ఒక కంపెనీ దగ్గర కొన్నారు. కన్సోల్, అంటే స్క్రీను మీద బటన్లు నొక్కి ఆ సెట్లతో మాట్లాడే కంప్యూటరు, ఇంకో కంపెనీ దగ్గర కొన్నారు. ఎండీ గారి బావమరిది సేల్స్ చూసేవారు. ఆ రెండో కంపెనీ ఆయనకు తెలిసినవాళ్లది. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయా అని కొనేముందు ఎవరూ అడగలేదు. పెళ్లి కుదిరాక జాతకాలు చూసినట్టయింది.

సెట్ల కంపెనీ నుంచి ఒక ఇంజనీరు, కన్సోల్ కంపెనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చారు. ఇద్దరూ నా గదిలోనే, ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చున్నారు.

"మా వైపు అంతా ఓకే అండి" అనేవాడు ఒకతను.

"మా వైపూ ఓకేనండి. వాళ్ల సైడే రెస్పాన్స్ రావట్లేదు" అనేవాడు రెండో అతను.

ఈ మాటలు కూడా నాతో అనేవారు తప్ప ఒకరితో ఒకరు అనుకునేవారు కాదు. ఒకరికొకరు ఈమెయిల్ పెట్టుకునేవారు. ఇతను పంపగానే అతని ల్యాప్‌టాప్ టింగుమనేది. అతను చదివి, నిట్టూర్చి, జవాబు కొట్టేవాడు. ఇతని ల్యాప్‌టాప్ టింగుమనేది. ఆ ఇద్దరికీ టీలు అందిస్తూ, పాత సెట్టు కాళ్ల దగ్గర పెట్టుకుని, గొంతు తగ్గించి లారీలు నడిపించాను. "ఏంటి మేడమ్, జ్వరమా?" అని డ్రైవర్లు అడిగేవారు.

చివరికి తేలిందేమిటంటే, ఈ రెండింటినీ కలపడానికి మధ్యలో ఒక పెట్టె, దానికో లైసెన్సు కావాలి. ఆ సంగతి ఇద్దరికీ మొదటినుంచీ తెలుసు. అవతలివాడు చెబుతాడులే అని ఇద్దరూ ఊరుకున్నారు.

పెట్టె వచ్చింది. కలిశాయి. గొంతులు ఇత్తడి బిందెలోంచి మాట్లాడినట్టున్నా, గరగర మాత్రం పోయింది. ఇక మొదలెట్టొచ్చు అనుకున్నాను. అప్పుడు జీఎం గారు మీటింగ్ పెట్టారు.

మీటింగ్ దేనికంటే, స్క్రీను మీద ఎవరి బటన్ ఎక్కడుండాలని. ఎండీ గారిది పైన. అందులో గొడవ లేదు. ఆయన కింద బావమరిది గారిదా జీఎం గారిదా అన్నది ఒక పూట పట్టింది. క్వాలిటీ చూసే ఆయన, సేఫ్టీ చూసే ఆయన తమ బటన్ల సైజు ఒకటే ఉండాలన్నారు. లారీలన్నింటినీ కలిపి అడుగున ఒక గ్రూపుగా పెట్టారు. డ్రైవర్లు ఆఫీసువాళ్ల మాటలు వినకూడదు. ఆఫీసువాళ్లు మాత్రం అందరి మాటలూ వినొచ్చు.

అప్పుడే కన్సోల్ ఇంజనీరు నోరుజారి ప్రయారిటీ అనే మాట అన్నాడు. ప్రయారిటీ ఉన్న మనిషి మాట్లాడితే మిగతావాళ్ల మాట ఆగిపోతుందని వివరించాడు. గదిలో అందరి వీపులూ నిటారుగా అయ్యాయి.

"నాకు మొదటిది పెట్టండి" అన్నారు బావమరిది గారు.

"సేఫ్టీకి లేకపోతే ఎలాగండి?" అన్నారు సేఫ్టీ ఆయన.

"అందరికీ మొదటిదే ఇస్తే ఇక అది ప్రయారిటీ కాదండి" అన్నాడు ఇంజనీరు.

జీఎం గారు అతన్ని వరండాలోకి తీసుకెళ్లారు. తలుపు వేయలేదు కాబట్టి నాకు వినిపించింది. "అందరికీ మొదటిదే ఇవ్వండి బాబూ. ఒకళ్లది ఒకళ్లకి తెలియనివ్వకండి, చాలు."

"డ్రైవర్లకండీ?"

"వాళ్లకెందుకు? వాళ్లు వినేవాళ్లు."

కొత్త సెట్లొచ్చాయి కాబట్టి డ్రైవర్లకు ఫోన్లతో పనిలేదని, గేటు దగ్గర చెక్కపెట్టె పెట్టి ఫోన్లు అందులో వేయించారు. నా బల్ల నీట్‌గా కనిపించాలని పాత సెట్టునీ ల్యాండ్‌లైనునీ కూడా తీసేశారు.

ప్రారంభోత్సవం రోజున పంతులు గారు కన్సోల్‌కి పసుపు రాసి కుంకం పెట్టారు. టచ్ స్క్రీను కదా, పంతులు గారి వేలు తగిలి క్వాలిటీ ఆయనకు రెండుసార్లు కాల్ వెళ్లింది. "మీరూ ఒక ప్రార్థన చెయ్యండమ్మా, అన్ని వైపులా మంచిది" అన్నారు ఎండీ గారు. నిజంగానే చేశాను. ఏం అడిగానో చెప్పను గానీ, ఆరోజు అది పైదాకా చేరలేదు.

ఎండీ గారు మైకు తీసుకుని, అందరి సెట్లకూ ఒకేసారి వినిపించే ఆల్ కాల్ బటన్ నొక్కి ఉపన్యాసం మొదలుపెట్టారు. తాను స్కూటర్ మీద సిమెంటు అమ్మిన రోజుల దగ్గర్నుంచి ఎత్తుకున్నారు. ఆ సమయానికి హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక గోడౌన్ ఫ్లోరు వేస్తున్నారు. మా లారీలు వరసగా అటే పోతున్నాయి.

ఉపన్యాసం ఆటోనగర్ దగ్గర మొదటి షెడ్డు అద్దెకు తీసుకునేదాకా వచ్చేసరికి, స్క్రీను అడుగున లారీల పేర్లు పసుపు రంగులో వెలిగి ఆరిపోవడం మొదలైంది. ఒకటి, దాని వెనక ఇంకొకటి. సైటు సూపర్‌వైజరు పేరు కూడా. వాళ్లు బటన్ నొక్కుతున్నారు. సిస్టమ్ ఒప్పుకోవడం లేదు. నొక్కినప్పుడల్లా వాళ్ల సెట్టు బుర్రుమని మొరాయిస్తుంది. పెద్దలు మాట్లాడుతున్నారు, ఆగు అని దానర్థం.

జీఎం గారి దగ్గరికి వెళ్లి మెల్లిగా చెప్పాను. "సార్, బండ్లు పిలుస్తున్నాయండి. ఏదో అయింది."

"ఎండీ గారు మాట్లాడుతున్నారమ్మా."

"అందుకేనండి చెప్తున్నా."

ఆయన నా వైపు చూడకుండా చప్పట్లు కొట్టారు. ఎండీ గారు మైకు బావమరిది గారికిచ్చారు.

నా లంచ్ బ్యాగులోంచి ఫోను తీసి చూశాను. సైటు సూపర్‌వైజరువి వరసగా మిస్డ్ కాల్స్. బయటికి నడుస్తూ ఫోన్ చేశాను.

"మేడమ్ గారూ, పంపు పైపు జామైపోయిందండీ! మాలు దిగట్లా. బండ్లు పంపొద్దని ఎప్పట్నుంచో నొక్కుతున్నా, ఈ పెళ్లి ప్రసంగం తప్ప ఏం రావట్లేదు. ఇప్పటికే ఇక్కడ బండ్లు లైను కట్టినయ్యి!"

కాంక్రీటు కలిపే మిషను ఆపరేటరు క్యాబిన్‌కి పరుగెత్తాను. అతను సెట్టు వాల్యూమ్ పెంచి, ఉపన్యాసం భక్తిగా వింటూ ఇంకో లారీ నింపుతున్నాడు.

"ఆపండి. సైట్‌లో పంపు జామైంది."

"ఇందాకేగా మేడమ్, ఎండీ గారు ఇవాళ్టి నుంచి స్పీడు పెంచాలన్నారు సెట్లో?"

"అది ఉపన్యాసమండీ!"

"నాకెలా తెలుస్తుందండి? ఆర్డరనుకున్నా."

ఫోను అతని చెవికి ఆనించాను. సూపర్‌వైజరు ఏమన్నాడో గానీ అతని చెయ్యి వెంటనే ఆగింది.

అంతటితో అయిపోతే బాగుండేది. అప్పటికే వెళ్లిన బండ్లలోని మాలు పారబొయ్యాలా, ఇంకో సైటుకు మళ్లించాలా అన్నది ఆఫీసువాళ్లు చెప్పాలి. మొదటి ప్రయారిటీ ఉన్న ఆ అందరూ భోజనాల దగ్గర సెట్లు కట్టేసి కూర్చున్నారు. విస్తళ్ల మధ్య తిరిగి ఒక్కొక్కర్నీ అడిగాను. క్వాలిటీ ఆయన సేల్స్‌ని అడగమన్నారు. సేల్స్, అంటే బావమరిది గారు, పార్టీ ముందు చులకనవుతామని, పైపు బాగుపడేదాకా ఆగమన్నారు. జీఎం గారు పెరుగన్నం కలుపుకుంటూ "సార్ చెప్పారు కదా, ఆగండి" అన్నారు. ఎండ ముదిరింది. రెండో పెరుగు వడ్డించేలోపు మొదటి లారీ డ్రమ్ములో మాలు తోడుకుంది.

ఆ లారీ మా డ్రైవర్లలో పెద్దాయనది. విజయవాడ ముస్లిం, వాళ్ల నాన్న ఆటోనగర్‌లో గేరుబాక్సుల మెకానిక్కు. అందరం భాయ్ అనేవాళ్లం. డ్రమ్ము లోపల గట్టిపడ్డ కాంక్రీటుని చిప్పింగ్ మిషనుతో కొట్టి తీయాలి. మనిషి లోపలికి దూరాలి. దానికి కూలీల్ని పిలవకుండా "నీ బండేగా" అని ఆయన్నే దింపారు. మర్నాడు నేను వెళ్లేసరికి డ్రమ్ము కింది మూతలోంచి రెండు కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. చప్పుడుకి ఎదురుగా నిలబడలేకపోయాను. ఆయన బయటికొచ్చాడు, కనుబొమ్మల మీద సిమెంటు దుమ్ముతో.

"ఎన్నిసార్లు నొక్కారు భాయ్?"

"వేలు నొప్పెట్టేదాకా నొక్కానమ్మా. బుర్రుమంటది, మళ్లీ సార్ స్కూటర్ కథ. పాత సెట్టు అయితే మీరు కనీసం తిట్టేవాళ్లు." నవ్వబోయి దగ్గాడు. "మాటలు మాత్రం భలే క్లియర్‌గా ఉన్నాయిలెండి."

ఆయన నీళ్లు తాగి మళ్లీ లోపలికి దూరాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఎంక్వైరీకి వెళ్లాను.

"ఎవరు బాధ్యులు?" అన్నారు ఎండీ గారు.

"డిస్పాచర్ పైవాళ్లకి ఎస్కలేట్ చెయ్యలేదు సార్" అన్నారు జీఎం గారు, నా వైపు చూపిస్తూ.

"మీతోనే చెప్పానండి" అన్నాను. "ఎండీ గారు మాట్లాడుతున్నారమ్మా అని చప్పట్లు కొట్టారు మీరు."

ఎండీ గారు కన్సోల్ ఇంజనీరును పిలిపించి, అసలు ఏం జరిగిందో చూపించమన్నారు. అతను చూపించాడు. ఆఫీసువాళ్లందరి పేర్ల పక్కనా ఒకటి అంకె ఉండటం అప్పుడే అందరూ చూశారు. బావమరిది గారు జీఎం గారి అంకె చూసి, "మీకు కూడానా?" అన్నారు, మోసపోయిన మనిషిలా. కాంక్రీటు సంగతి ఆ తర్వాత ఎవరికీ గుర్తు రాలేదు.

ఎండీ గారు చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. "నాది ఉంచండి. మిగతావాళ్లవన్నీ తీసెయ్యండి." డ్రైవర్లకు మాత్రం సెట్టులో ఎలా మాట్లాడాలో ఒకరోజు క్లాసు పెట్టించారు. క్లాసు జీఎం గారే తీసుకున్నారు.

సామాను సర్దుకుంటున్న ఇంజనీరుని అడిగాను. "ఎండీ గారి మాటకి అడ్డుపడేది ఈ సిస్టమ్‌లో ఏమీ లేదా బాబూ?"

అతను అటూ ఇటూ చూశాడు. "ప్రతి సెట్టు పైనా నారింజ రంగు బటన్ ఉందండి. ఎమర్జెన్సీ. అది నొక్కితే ఎవరు మాట్లాడుతున్నా కట్టయిపోద్ది. ఇక్కడ ఆన్ చెయ్యమని ఎవరూ అడగలేదు."

"నేను అడుగుతున్నా."

"మరి సార్‌కి..."

"డ్రైవర్ల ప్రాణరక్షణ కోసమని చెప్పండి. సేఫ్టీ ఆయన సంతోషిస్తారు."

సంతోషించారు. దాన్ని తానే కనిపెట్టినట్టు గోడకు బోర్డు కూడా రాయించారు. ఆ వారం నుంచి మా ప్లాంటు పనంతా ఎమర్జెన్సీ మీదే నడిచింది. "ఎమర్జెన్సీ మేడమ్, గన్నవరం దాటా." "ఎమర్జెన్సీ, సైట్‌లో దించేశా, తిరిగొస్తున్నా." భాయ్ ఒకరోజు "ఎమర్జెన్సీ, నమాజ్‌కి ఆగానమ్మా" అన్నాడు. ఎండీ గారు ఆల్ కాల్‌లో సూక్తులు చెబుతూ ఉండేవారు. సగంలో తెగిపోతున్నాయని ఆయనకు తెలియదు. మాట్లాడేటప్పుడు ఆయన ఎదుటివాళ్లది వినరు కదా.

కొన్నాళ్లకు మంగళగిరి వైపు నుంచి ఇంకో ప్లాంటువాళ్లు మా కంట్రోల్ రూమ్ చూడ్డానికి వచ్చారు. స్క్రీను నిండా ఎమర్జెన్సీ ఎర్ర దీపాలు టపటపా కొట్టుకుంటున్నాయి.

"ఇవన్నీ ఏంటండి?" అనడిగారు అందులో ఒకాయన.

"లైవ్ ఆపరేషన్స్" అన్నారు ఎండీ గారు గర్వంగా.

"లైవ్ ఆపరేషన్స్ సార్" అన్నారు జీఎం గారు, కాస్త గట్టిగా.

వచ్చినాయన నా వైపు తిరిగాడు. "ఈ కన్సోల్ వచ్చాక మీకు పని తేలికైందా అమ్మా?"

ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు. "మొదట్లో కాస్త ఇబ్బంది పడ్డామండి" అన్నాను. "ఇప్పుడు అందరం అలవాటు పడ్డాం." ఆయన తల ఊపి, కన్సోల్ కంపెనీ పేరు రాసుకున్నాడు. రెండు నెలల తర్వాత వాళ్లూ కొన్నారని విన్నాను. వాళ్ల డిస్పాచరు ఎవరో నాకు తెలియదు. నారింజ బటన్ సంగతి ఆరోజే చెప్పి ఉండాల్సింది గానీ, మా జీఎం గారు మధ్యలో నిలబడ్డారు.