వీపుకు గోడ తగిలేదాకా

అనుపమ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వెనక్కి నడుస్తుంది. స్టవ్ దగ్గర మొదలుపెట్టి, వీపు గోడకు తగిలేదాకా. అక్కడ ఆగి, ఒక కన్ను మూసి, ఇంట్లో ఎవరెవరు కనిపిస్తున్నారో చూసుకుంటుంది. అద్దం ముందు తల దువ్వుకుంటున్న భర్త రిషి, బడికి పోనని చాప మీద బోర్లా పడుకున్న కూతురు, కిటికీలో బోర్లించిన గిన్నెలు. అందరూ కనిపించాక టీ తాగుతుంది. బోరబండలో వాళ్ళది ఒకటే గది కాబట్టి ఎవరూ కనిపించకుండా పోయే ప్రమాదం లేదు. అయినా చూసుకుంటుంది. "ఇంట్లనే ఉన్నం, యాడికి పోలే" అని రిషి కూడా రోజూ తన వంతు మాట అనేసి దువ్వెన కింద పెడతాడు.

ఈ అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు. పంజాగుట్టలో ఒక అన్నప్రాశన దగ్గర అంటుకుంది.

అనుపమ ఫొటోలు తీస్తుంది. పెళ్ళిళ్ళకు కాదు. పెళ్ళిళ్ళకు డ్రోన్లూ క్రేన్లూ వేసుకొచ్చే జట్లు వేరే ఉన్నాయి. ఆమెవి ఇంట్లో జరిగే వేడుకలు. సీమంతాలు, బారసాలలు, అన్నప్రాశనలు, హాలులోనే పందిరి కట్టినంత హడావుడి చేసే వ్రతాలు. పని నేర్చుకున్నది అమీర్‌పేటలో, కోచింగ్ పిల్లలు పాస్‌పోర్టు ఫొటోలకు వరస కట్టే ఒక చిన్న స్టూడియోలో. అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఆమె చూసింది ముఖాలే. రెండు చెవులూ కనపడాలి, నవ్వకూడదు, వెనక తెల్లగా ఉండాలి. స్టూడియో మూతపడ్డాక సొంతంగా ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టింది.

పాత కెమెరా పెద్దది. దానికి తగిలించిన లెన్సు ఇంకా పెద్దది. కొన్నేళ్ళు మెడకు వేలాడదీసుకుని తిరిగేసరికి కుడి భుజం మొండికేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవని రోజు వచ్చాక ఆ సరంజామా మొత్తం అమ్మేసి, అరచేతిలో ఇమిడే చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కుంది. రిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సబ్బుపెట్టె బాగుందన్నాడు.

సబ్బుపెట్టె వచ్చింది గాని లెన్సు రాలేదు. పాతవి దీనికి పట్టవు. కొత్తగా కొనడానికి ప్రస్తుతానికి ఒక్కటికే వీలు. ఒక్క లెన్సు అంటే ఇల్లంతటికీ ఒక్కటే కిటికీ పెట్టుకోమన్నట్టు. ఎటువైపు పెట్టుకోవాలో ముందే తేల్చుకోవాలి.

పంజాగుట్టలో ఒక సందులో, మెట్లెక్కి వెళ్తే, భార్గవ్ అనే కుర్రవాడి కెమెరాల కొట్టు ఉంది. అనుపమను అక్కా అంటాడు, ఆమె తమ్మీ అంటుంది. అతను గాజు బల్ల మీద పట్టుగుడ్డ పరిచి లెన్సులు ఒక్కొక్కటే పెట్టాడు. మొదటిది జూమ్. ఉన్నచోటే నిలబడి దగ్గరకీ దూరానికీ తిప్పుకోవచ్చు. కానీ ట్యూబులైటు వెలుతురులో ఫొటో రవ్వరవ్వగా వస్తుంది. రవ్వ రాని జూమూ ఉంది గాని, దాన్ని చేతిలో పెట్టగానే ఆ బరువుకు అనుపమ భుజం పాత చుట్టాన్ని గుర్తుపట్టింది. వెంటనే వెనక్కి ఇచ్చేసింది.

మిగిలినవి రెండు. రెండూ జూమ్ లేనివే, మనమే ముందుకూ వెనక్కూ నడవాలి. ఒకటి ఇరవై మూడు మిల్లీమీటర్లది. బిళ్ళంత ఉంది. గదిలో ఉన్నవన్నీ ఉన్నట్టే చూపిస్తుంది. రెండోది యాభై ఆరు. ఎక్కడ చూపు నిలిపితే అది తప్ప మిగతాదంతా కరిగిపోతుంది.

అనుపమ ఆ యాభై ఆరుతో భార్గవ్‌నే ఒక ఫొటో తీసింది. అతని వెనకున్న దుమ్ము పట్టిన అట్టపెట్టెలు మంచులా మాయమయ్యాయి. బల్బులు గుండ్రంగా లడ్డూల్లా తేలాయి. గడ్డం సరిగ్గా గీసుకోని భార్గవ్ కూడా ఏదో పత్రిక అట్ట మీది మనిషిలా ఉన్నాడు. ఇన్‌స్టాలో చూసి చూసి ఇలాంటి ఫొటో ఒక్కటి తీస్తే చాలనుకున్న మనిషి ఆమె. ఇరవై మూడు వంక మళ్ళీ చూడలేదు.

"మంగళవారం దాకా వాడి చూడక్కా. గీత పడకుంటే మార్చిస్త, ఫికర్ జెయ్యకు" అన్నాడు భార్గవ్.

ఆ ఆదివారమే నాగేశ్వరి గారి మనవడి అన్నప్రాశన. నాగేశ్వరి గారు తునిలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై పంజాగుట్టలో కొడుకు దగ్గరికి వచ్చారు. కోడలి సీమంతానికి అనుపమే ఫొటోలు తీసింది. అవి నచ్చి పై అంతస్తు వాళ్ళు పిలిచారు, వాళ్ళవి చూసి కింది అంతస్తు వాళ్ళు. అనుపమకు వచ్చే పిలుపుల్లో సగం ఆ ఒక్క అపార్ట్‌మెంట్‌వే. అక్కడ పేరు చెడితే లిఫ్టు దిగేలోపు కబురు వాచ్‌మన్ కుర్చీ దాకా పాకుతుందని ఆమెకు తెలుసు.

హాలులోకి అడుగుపెట్టగానే యాభై ఆరు తన గుణం చూపించింది. చాప మీద కూర్చున్నవాళ్ళు ముగ్గురికి మించి అందులో పట్టరు. అనుపమ సోఫా దాకా వెనక్కి వెళ్ళింది, తర్వాత చెప్పుల స్టాండు దాకా, తర్వాత గుమ్మం దాటి లిఫ్టు దగ్గరికి. అక్కడినుంచి తలుపులోంచి గురిపెడుతుంటే వెనక గ్యాస్ సిలిండర్ భుజానికెత్తుకున్న మనిషి, ఫొటో పాడవుతుందేమోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

పాయసం తినిపించడం అయ్యాక అసలు ఘట్టం వచ్చింది. చాప మీద పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, కత్తి, పూలు పెట్టి పిల్లవాణ్ణి వదులుతారు. ముందు దేన్ని ముట్టుకుంటే రేపు ఆ దారిలో పైకొస్తాడని నమ్మకం. ఫోన్లు అడ్డం పెడితే పిల్లాడు బెదురుతాడని నాగేశ్వరి గారు పరీక్ష హాలులోలా అందరివీ పళ్ళెంలోకి వసూలు చేసి పక్కగదిలో పెట్టించారు. "ఫొటోగ్రాఫర్ ఉందిగా" అన్నారు. పుస్తకానికి పసుపు పూసి బొట్టు పెట్టి, చాప మధ్యలో ఉంచారు. దాని పక్కనే గొలుసు.

పిల్లవాడు పాకుతూ వెళ్ళాడు. అనుపమ మోకాళ్ళ మీద కూర్చుని, కెమెరా చూపును వాడి కళ్ళ మీద నిలిపింది. వాడి చెయ్యి కిందికి దిగింది. హాలు రెండుగా చీలింది.

"పుస్తకం!" అన్నారు చాపకు ఇటువైపున్న నాగేశ్వరి గారు. గొలుసు అన్నాడు అటువైపున్న విజయేందర్. అతను పిల్లవాడి మేనమామ, అమీర్‌పేటలో రెండు హాస్టళ్ళు నడుపుతాడు. మేనల్లుడు వ్యాపారంలోకి వస్తాడని వాడు పుట్టిన రోజునుంచీ చెబుతున్నాడు. ఇరుపక్షాలూ వాదించుకుని, చివరికి ఫొటోలో చూసుకుందామని రాజీకొచ్చాయి.

సాయంత్రం ఇంట్లో కంప్యూటర్ తెరిచి అనుపమ ఆ ఫొటోను పెద్దది చేసి చూసింది. పిల్లవాడి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. అంత స్పష్టం. కిందికి వచ్చేసరికి చెయ్యి మంచులోకి దిగిపోయింది. మంచులో ఒక పచ్చటి మరక. అది పసుపు పూసిన పుస్తకమూ కావచ్చు, బంగారు గొలుసూ కావచ్చు. వెనక పిల్లవాడి నడుము పట్టుకుని కూర్చున్న పెద్దావిడ, నాగేశ్వరి గారి ఆడపడుచు, జరీ చీర కట్టిన పొగలా ఉంది. ముందూ వెనకా తీసినవన్నీ అంతే. మెమొరీ కార్డు పాడైందని చెబితేనో అని ఒక క్షణం అనిపించింది. తర్వాత ఉన్నవన్నీ నాగేశ్వరి గారికి వాట్సాప్‌లో పంపేసింది. జవాబు రాలేదు. చూసినట్టు నీలం గీతలు మాత్రం పడ్డాయి.

సోమవారం ఉదయం నాగేశ్వరి గారు ఫోన్ చేసి, ఒకసారి ఇంటికి రమ్మని, ఇంకో మాట లేకుండా పెట్టేశారు.

అనుపమ వెళ్ళేసరికి ఆ ఫొటో టీవీ నిండా ఉంది. విజయేందర్ రిమోట్‌తో మంచులో ఒక చోట పొడిచి చూపిస్తున్నాడు. ఆడపడుచు గారు సోఫాలో ముభావంగా కూర్చున్నారు. పక్కనే ఊరికి సర్దుకున్న సంచి. సాయంత్రం బండికి తుని ప్రయాణం.

"అమ్మాయ్, నువ్వు అందరికన్నా దగ్గరున్నావు" అన్నారు నాగేశ్వరి గారు. "వాడు దేన్ని ముట్టుకున్నాడు?"

పుస్తకమంటే ఆవిడ సంతోషిస్తారు. పిలిచేదీ ఆవిడే. అనుపమ టీవీలోని పచ్చటి మరకను చూసింది.

"నేను చూడలే ఆంటీ" అంది. "కండ్లే చూసిన. చెయ్యి యాడ వెట్టిండో నాకు సుత తెల్వది."

ముందు విజయేందర్ నవ్వాడు.

"మంచిగైంది. గట్లైతే గొలుసే అంట నేను. గీ ఫొటో పెద్దగ జేపిచ్చి మా హాల్ల పెట్టుకుంట."

"మా హాల్లోనూ పెడతాను" అన్నారు నాగేశ్వరి గారు. "మా ఇంటికి వచ్చినవాళ్ళకి అది పుస్తకం. ఎవరూ ఓడిపోనక్కర్లేదు."

అనుపమకు ఊపిరి వచ్చింది. పాడైందనుకున్న ఫొటో రెండిళ్ళ గోడలకెక్కుతోంది. ఇంక యాభై ఆరు ఉంచుకున్నా తప్పేం లేదు. సంచి భుజాన వేసుకుని లేస్తుంటే సోఫాలోంచి మాట వినిపించింది.

"మీ ఇద్దరికీ బాగానే ఉంది వదినా. రాత్రంతా కూర్చుని తుని నుంచి వస్తే, మరి నేనేనా ఆ పొగని?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. అనుపమా నవ్వలేకపోయింది. ఆదివారం పొద్దుటినుంచీ ఆ చేతులు పిల్లవాడి నడుం వదల్లేదు. ఆ హాలులో తను ఒక పూటంతా ఉండి, ఒక జత కళ్ళు తప్ప ఇంకేమీ చూడలేదు.

"మీరు బయల్దేరకుండ్రి అమ్మా, జర ఆగుండ్రి" అని చెప్పి, చెప్పులు వేసుకుని భార్గవ్ కొట్టుకు నడిచింది.

భార్గవ్ లెన్సును వెలుతురుకు ఎత్తి అన్ని వైపులా తిప్పి చూశాడు. "ఏమైందక్కా? గీతలేం పడలే గదా."

"గీతలు పడలే తమ్మీ. మనుషులే పడలే."

అతను పట్టుగుడ్డ విప్పి ఇరవై మూడు తీసిచ్చాడు. మంచి బొమ్మలు పోగొట్టుకుంటున్నావని గొణిగాడు కూడా. ఆమె కాదనలేదు. ఆ లడ్డూలంటే ఆమెకు ఇప్పటికీ ఇష్టమే.

తిరిగి వెళ్ళి అందర్నీ హాలులో కూర్చోబెట్టింది. మధ్యలో ఆడపడుచు గారు, ఒళ్ళో పిల్లవాడు. అనుపమ వెనక్కి నడిచింది. సోఫా పక్క గోడ వీపుకు తగిలేసరికే అందరూ పట్టేశారు, తలుపు తీయాల్సిన పని పడలేదు. కెమెరాలోకి చూసింది. ఆవిడ చీర జరీ, విజయేందర్ చేతిలో ఇంకా వదలని రిమోట్, వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని తొంగిచూస్తున్న కోడలు, మూలన పసుపు ఇంకా తుడవని పుస్తకం. తీశాక ఆవిడ కళ్ళజోడు సవరించుకుని కెమెరా వెనక తెరలో తనను తాను వెతుక్కున్నారు. వెతకాల్సిన పనిలేకుండా దొరికారు.

"ఇది తునికి పంపమ్మా" అన్నారు. "పెద్దదే పంపు."

ఇప్పుడు అనుపమ దగ్గర ఉన్నది ఆ ఒక్క లెన్సే. జడ వేసుకోవడానికి కుడి చెయ్యి మళ్ళీ లేస్తోంది. నాగేశ్వరి గారి పై అంతస్తులో వచ్చే ఆదివారం బారసాల ఉంది.