వాలు మీది లారీని వరసలో పెట్టమన్న రోజు

అక్టోబరు ఆఖరులో సరిహద్దు కొండల మీది ఆర్మీ పోస్టుకు డ్రైవర్‌గా చేరాను. బూడిదరంగు కొండలు. ఒక్క చెట్టు లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. చలి మైనస్ నలభై. అబిడ్స్ హోటల్లో చాయ్ తాగుతూ చెప్పేటప్పుడు నలభై అంటాను. నిజానికి ఇరవై. నలభై అంటేనే వినేవాళ్లు కప్పు కింద పెడతారు.

నాకు అప్పగించిన లారీ నాకంటే పాతది. సెల్ఫ్ పనిచేయదు. కొత్త సెల్ఫ్ కావాలని రాసి పంపాం, రాలేదు. అందుకని బండిని ఎప్పుడూ వాలు మీద, ముక్కు కిందికి పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం వేసేవాళ్లం. పొద్దున రాళ్లు తీస్తే దొర్లేది. రెండో గేరులో క్లచ్ వదిలితే స్టార్టయ్యేది.

జనవరిలో పెద్ద అధికారి హెలికాప్టర్లో తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. బండ్లన్నీ చదును నేల మీద వరసగా ఉండాలని సుబేదార్ హుకుం.

"సాబ్, చదును మీద ఇది స్టార్ట్ కాదు," అన్నాను.

"లైన్ సీదా ఉండాలి. అంతే."

పెట్టాను.

తెల్లారి మబ్బు కమ్మింది. హెలికాప్టర్ ఎగరలేదు, అధికారి రాలేదు. అదే పొద్దున మా రేడియో ఆపరేటర్, మెదక్ వాడు, నురగ కక్కుతూ దగ్గాడు. ఎత్తు పడక ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు నర్సింగ్ అసిస్టెంట్. వెంటనే కిందికి దించడమొక్కటే మందు.

అతనికి దుప్పట్లు చుట్టి నా లారీ క్యాబిన్‌లో కూర్చోబెట్టాం.

"అన్నా, గీ డబ్బా లేస్తదా? మా మామ ఎడ్లబండి నయముండె."

"లేస్తది తమ్మీ. నువ్వు జర కండ్లు మూయకు."

"మూయ. నీ తిప్పలు చూడాలె గదా."

డీజిల్ మైనంలా గడ్డకట్టింది. వంటాయన కాచి తెచ్చిన నీళ్లలో గుడ్డలు ముంచి ఫిల్టర్‌కు చుట్టాను. పైపు వదులు చేసి, ఇంజనుకు డీజిల్ ఎక్కించే చేతిపంపు కొట్టాను. గాలి, నురగ. బుడగలు ఆగి డీజిల్ తేటగా వచ్చేదాకా కొట్టి బిగించాను. తర్వాత బండిని వాలు దాకా తోయాలి. నేనొక్కణ్నే తోశానని చెబుతుంటాను. పోస్టంతా తోసింది. వాలు మీద మొదటి కుదుపుకే స్టార్టయింది. దారంతా ఒక్కసారి కూడా ఆగలేదు.

కింద దవాఖానలో డాక్టర్ అతని చెయ్యి పట్టి చూసి, మెల్లగా దుప్పటి మీద పెట్టాడు.

నెల తిరక్కముందే అధికారి వచ్చాడు. బండ్ల వరస బాగుందని సుబేదార్‌ను మెచ్చుకున్నాడు.

డ్యూటీ ముగించుకుని నాంపల్లి స్టేషన్‌లో దిగాను. బయట ఆటో ఆయన నా ట్రంకుపెట్టె చూశాడు.

"ఏంది సాబ్, బార్డర్ల లడాయి చేసొచ్చిన్రా?"

"ఔ," అన్నాను. ఇప్పటికీ అదే అంటున్నాను. ఒక్క తూటా కాల్చలేదు.

ఆ పొద్దున నేను కొట్టిన పంపు, రేడియో ఆపరేటర్ కూర్చున్న వైపు కిటికీ కిందే ఉండేది. కొడుతూ తలెత్తినప్పుడల్లా, అద్దం మీద పేరుకున్న మంచును అతను లోపలి నుంచి బొటనవేలితో తుడిచి నన్ను చూసేవాడు. పైపు బిగించి ఆఖరుసారి తలెత్తాను. అద్దం మొత్తం తెల్లగా ఉంది.