అమ్మ పక్క, నాన్న పక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో చిన్నత్త ఊసు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. చిన్నత్త అంటే మా నాన్నకు రెండో అక్క. పుంగనూరులో ఉండేది. పెళ్లీడుకొచ్చిన కూతుళ్లున్న మనిషికి ఉన్నట్టుండి కడుపు పెరగసాగింది. ఈ వయసులో మళ్లీనా అని ఆడవాళ్లంతా ఆటపట్టించారు. ఆవిడా సిగ్గుపడి నవ్వేది. తీరా చూస్తే అది అండాశయంలో క్యాన్సర్ గడ్డ, కడుపు నిండా నీరు. టమోటాలు కోతకొచ్చేసరికి ఆవిడ లేదు.

తర్వాత కొన్నేళ్లకు మా అమ్మకు నెలనెలా రక్తం ఆగకుండా పోవడం మొదలైంది. నలభై దాటిన మనిషి గోడ పట్టుకుని నడిచేది. మదనపల్లె డాక్టరమ్మ చూసి, గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసేయాల్సిందే అంది. అండాశయాలు మాత్రం బాగానే ఉన్నాయట. ఉంచుకుంటే ఎముకలకు మంచిదని, తీసేస్తే ముట్లుడిగిన బాధలన్నీ ఒక్కసారిగా మీద పడతాయని చెప్పింది. అయితే దగ్గరి వాళ్లలో ఎవరికైనా అండాశయంలో క్యాన్సర్ వచ్చి ఉంటే తీయించుకోవడం గురించి ఆలోచించాలట. మీ వైపు ఎవరికైనా ఉందా అని అమ్మను అడిగింది.

అమ్మ లేదంది. నాన్నా లేదన్నాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. చిన్నత్త నాన్న పక్క మనిషి కదా. పెళ్లిళ్లలో ఎవరికెవరు ఏమవుతారో నిద్రలో లేపి అడిగినా చెప్పే మా వాళ్లకు, ఆ గదిలో ఆ ఒక్క వరస తట్టలేదు. అండాశయాలు ఉంచేద్దామనుకున్నారు. అమ్మ ముఖం తేటపడింది.

మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఈ సంగతి విన్నాక అన్నం ముట్టలేదు. సాయంత్రం నన్ను పిలిచి, మీ అమ్మ నాకేమవుతుందని అడిగింది. కోడలు అన్నాను. పెళ్లికి ముందో అంది. మనవరాలు అన్నాను, నాన్న చేసుకుంది తన పెద్దక్క కూతుర్నే కాబట్టి. మరి నీ చిన్నత్త మీ అమ్మకేమవుతుంది అని అడిగింది. సొంత పిన్నమ్మ అన్నాను. అన్నాకే నాకు తట్టింది, చిన్నత్త అమ్మ పక్క మనిషి కూడానని.

అవ్వ నా చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ గదికి నడిచింది.

"అమ్మా, వాళ్లకు తెలీక లేదని సెప్పినారు. నా రెండో బిడ్డ ఆ జబ్బుతోనే సచ్చిపోయింది. నా కోడలు నా పెద్ద బిడ్డ కూతురే. అది మొగుడి పక్క జబ్బు కాదు, నా కడుపులో నుంచి వచ్చిండాది."

డాక్టరమ్మ అమ్మ కాగితాలు మళ్లీ తీసి చూసింది. అమ్మకూ వస్తుందని దీని అర్థం కాదు, కానీ ఉంచేయమని పొద్దున చెప్పినంత ధైర్యంగా ఇప్పుడు చెప్పలేనంది. వార్డుకొచ్చి అమ్మకూ అదే చెప్పి, నిర్ణయం నీదేనంది. అమ్మ గోడవైపు తిరిగి చాలాసేపు పడుకుంది. తర్వాత తీసేయమంది.

తీసినవాటిని పరీక్షిస్తే ఏమీ లేదని తేలింది. ఆ తర్వాత చలికాలంలో కూడా అమ్మకు ఒళ్లు భగ్గుమనేది. మెడకు తడిగుడ్డ చుట్టుకుని పాలు పితికేది. బాగుండేవాటిని తీయించేస్తివి కదత్తా అని ఒకసారి విసుక్కుంది.

"తిట్టుకో మ్మే. ఇంకో బిడ్డ శవానికి నీళ్లు పోసే ఓపిక నాకు లేదు," అంది అవ్వ.

అవ్వ చేసింది సరైనదో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఇప్పుడు కుప్పంలో నా కూతురికి అదే ఆపరేషన్ అంటున్నారు. ఉంచుకోవాలా వద్దా అన్నది దాని ఇష్టం, దాని ఒళ్లు. నేను ఇవ్వగలిగింది మా ఇంటి చావుల సంగతులే. అటు పక్క, ఇటు పక్క అని పంచకుండా మొన్న అన్నీ చెప్పాను. వింటూ వింటూ అది కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. అయినా నేను చెప్పడం ఆపలేదు.