అంచు పగలని రొట్టెలు

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ లెక్కలేదు. ఆదోనిలో మా వీధి మొదట్లో జొన్న రొట్టెలు చేసి అమ్ముతాను నేను. కోడి కూయకముందే లేచి పొయ్యి ముందు కూర్చోవాలి. దయ్యాలు తిరిగే వేళ అని జనం అంటారే, ఆ వేళకు నాది సగం పిండి అయిపోయి ఉంటుంది. ఇన్నేళ్ళలో నన్ను పలకరించిన దయ్యం ఒక్కటీ లేదు. వీధి కుక్కలు మాత్రం రోజూ వస్తాయి.

ముందే ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఇది చదివి నన్ను పిరికిదాన్ని అనుకోకూడదు. జరిగింది చీకట్లో కాదు, పట్టపగలు, ఎండ నెత్తిన ఉన్నప్పుడు. అప్పుడు నాకు కలిగింది భయం కూడా కాదు. కోపం. ఎందుకో మీకే తెలుస్తుంది.

మా అత్త పోయి ఏడాది అయింది. అప్పటి నుంచి మా మామ తిండి మానేశాడు. అసలు తినడని కాదు. పళ్ళెం ముందు కూర్చుంటాడు, రెండు ముద్దలు నోట్లో పెట్టుకుంటాడు, చెయ్యి కడుక్కుంటాడు. పత్తి మార్కెట్లో మూటలు మోసిన మనిషి, పూటకు నాలుగు రొట్టెలు తిన్న మనిషి, చొక్కా కొక్కేనికి తగిలించినట్టు అయిపోయాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఒంట్లో ఏ జబ్బూ లేదన్నాడు. జబ్బు లేకుండా మనిషి కరిగిపోతుంటే చూడటం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఇట్లాగే ఉంటే ఈయన కూడా మనకు దక్కడని మా ఆయన నా దగ్గర ఒకసారి ఏడ్చాడు.

నాకు ఆ బాధతో పాటు ఇంకొకటి ఉండేది. ఊరందరికీ రొట్టెలు అమ్మే కోడలు, ఇంట్లో ముసలాయనకు తిండి పెట్టలేకపోతోంది అని వీధిలో అన్నారు. నా రొట్టెల కోసం యెమ్మిగనూరు నుంచి కూడా మనుషులు వస్తారు. మామ మాత్రం ఒక ముక్క తుంచి పక్కన పెట్టేస్తాడు. ఎంత చిన్నతనంగా ఉండేదో.

ఎండాకాలం సెలవుల్లో పిల్లలు వాటర్ పార్కు అని పట్టుపట్టారు. మంత్రాలయం పోయే దారిలో మాధవరం దాటాక రోడ్డు పక్కన ఒక నీళ్ళ పార్కు, దానికి ఆనుకుని పెద్ద పెద్ద జంతువుల బొమ్మలతో ఇంకో పార్కు వచ్చాయి. మామూలుగా అయితే మేము మంత్రాలయం పోయి, దర్శనం చేసుకుని, లాడ్జిలో ఒక పూట పడుకుని వచ్చేవాళ్ళం. ఈసారి నా మరిది ఫోన్లో వెతికి, ఆ పార్కుల వెనక ఒక ఇల్లు రెండు రోజులకు మాట్లాడాడు. మేము, మరిది వాళ్ళు, నందవరం నుంచి మా ఆడబిడ్డ నరసమ్మ వాళ్ళు, మామ. చోటు మారితే ఆయనకు ఆకలన్నా పుడుతుందని మా ఆశ.

బయలుదేరే ముందే నేను అందరికీ చెప్పేశాను. సెలవంటే నాకు కూడా సెలవే, ఈ రెండు రోజులు పిండి ముట్టను. అందుకే జొన్నపిండి ఒక్క పిడికెడు కూడా తీసుకుపోలేదు. మామ కోసమని ఇంట్లో చేసిన ఎండు రొట్టెలు ఒక డబ్బాలో పెట్టుకున్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇల్లు కొత్తది. తళతళలాడే నాపరాళ్ళు, వంటింట్లో గ్యాసు పొయ్యి, నూనె అంటని నల్ల పెనం. వెనక తలుపుకు తాళం. ఇల్లు చూసుకునే ఈరన్న గేటు దగ్గరే ఒక గదిలో ఉంటాడు. పార్కు గోడకూ ఈ ఇంటికీ మధ్య ఖాళీ చేను తప్ప ఇంకో కొంప లేదు.

సామాన్లు దించగానే నరసమ్మ పాలగిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయింది. కొత్త ఇంట్లో పొయ్యి వెలిగిస్తే ముందు పాలు పొంగించాలి కదా. అది సొంతిల్లయినా అద్దె ఇల్లయినా మాలో అదే పద్ధతి. కానీ రెండు రోజుల ఇంటికా? నేను నవ్వాను.

"ఏం నరసమ్మా, గృహప్రవేశం చేస్తాండావా? కార్డులు యాడ?"

"నవ్వొద్దు వదినా. ఒక పూటున్నా మన పొయ్యే కదా. ఇల్లు మనల్ని ఎరగాల గదా."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. నరసమ్మ దండం పెట్టింది. సంగతి తెలిసి ఈరన్న మాత్రం నోరు తెరిచాడు. ఈ ఇంటికి ఎంతోమంది వస్తారు, బిర్యానీలు తెప్పించుకుంటారు, పాటలు పెట్టుకుంటారు, కానీ పాలు పొంగించినవాళ్ళు మాత్రం ఇంతవరకు లేరట.

మరునాడు అందరం పార్కుకు బయలుదేరాం. మామ రానన్నాడు. నీళ్ళలో ఎగరడానికి నేనేమన్నా కప్పనా అన్నాడు. ఆయన జోకు వేసి ఎన్ని నెలలైందో, దానికే మేము సంతోషపడ్డాం. ఎండు రొట్టెలు, పప్పు, మజ్జిగ ఆయన పక్కన పెట్టి, కాస్త చూసుకోమని ఈరన్నకు చెప్పి పోయాం.

పిల్లలు నీళ్ళలో నుంచి బయటికి రానంటే రానన్నారు. మేము తిరిగి వచ్చేసరికి ఎండ మండిపోతోంది. మామ వంటింటి గడపకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందు పళ్ళెం. పళ్ళెంలో రొట్టె ముక్కలు, శెనక్కాయల కారం మరక. నా డబ్బా మూత కూడా తీయలేదు.

"బాగా చేసిందమ్మా ఆయమ్మ," అన్నాడు. "మూడు తింటి."

మూడు! నరసమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా ఆయన గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. నేనేమో ఎవరా ఆయమ్మ అనుకున్నాను. ఇంటి అద్దెలో వంటమనిషి కూడా ఉందేమో, మరిది చెప్పలేదేమో అనుకున్నాను. నిజం చెబుతున్నాను, మొదట నాకు ఒళ్ళు మండింది. ఏడాది నుంచి నా రొట్టె తుంచి పక్కన పెట్టిన మనిషి, దారిన పోయే ఎవరో చేస్తే మూడు తింటాడా?

వంటింట్లో నా తువ్వాలులోనే చుట్టి రెండు రొట్టెలు మిగిలి ఉన్నాయి. చేత్తో ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఒకటి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాను. పలుచగా, గుండ్రంగా ఉంది, అంచు ఎక్కడా పగల్లేదు. జొన్న రొట్టె అంచు పగలకుండా తట్టడం మాటలు కాదు. ఎసరు బాగా మరగాలి, పిండిని అరచేతి మొదలుతో వెన్నలాగా పిసకాలి. నాకే పదింట్లో రెండు పగులుతాయి. వెనక్కి తిప్పితే అడుగున బూడిద ఉంది. వాసన చూశాను. పత్తి కట్టె పొగ. మా ఇంటి దగ్గర కట్టెల పొయ్యి మీద చేసేటప్పుడు వచ్చే వాసనే.

ఆ ఇంట్లో ఉన్నది గ్యాసు పొయ్యి. అది చల్లగా ఉంది.

పోయి ఈరన్నను అడిగాను. వంటమనిషి ఎవరూ లేరన్నాడు. "గేటు కాడ్నించి నేను లేస్తే గదమ్మా. ఎవురూ రాలే." అతని భార్య పొద్దున్నే కూలికి పోయి, సాయంత్రం మా కళ్ళ ముందే ఆటో దిగింది. నేను అడిగిందానికి ఆమె పకపకా నవ్వింది. వెనక తలుపు తాళం అట్లాగే ఉంది. మామే చేసుకున్నాడా అంటే, ఆయనకు ఎసరు పెట్టడం కూడా రాదు. పిండి వెతికాం. దొరకలేదు. రాతి గట్టు మీద మాత్రం తెల్లగా రవ్వంత పొడి ఉంది. నాలుక మీద వేసుకుని చూశాను. జొన్నపిండే.

మామ చెప్పింది ఇంతే. మేము పోయిన కొంచెం సేపటికి లోపల రొట్టె తట్టే చప్పుడు వినిపించింది. లేచి వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. ఒకామె అటు తిరిగి రొట్టెలు చేస్తోంది. ముఖం చూపలేదు. పళ్ళెం వెనక్కి జరిపి "తిను" అంది. తిన్నాడు. తర్వాత అక్కడే గోడకు ఆనుకుని కునుకు తీశాడు. లేచేసరికి లేదు. పని అయిపోయి పోయింది అనుకున్నాడు.

నరసమ్మ ఆగలేకపోయింది. "మా అమ్మనే నాయనా! మా అమ్మే వచ్చింది!" అని బోరుమంది.

మామ తల అడ్డంగా ఊపాడు. "యాడ మీ యమ్మ? మీ యమ్మ రొట్టె నాకు తెలీదా? అంచులన్నీ పగుల్తాండె. ఇది యా అమ్మదో."

"మరి ఎట్ల తిన్యావు నాయనా, ఎవురో తెలీకుండా?"

"ఆకలాయ," అన్నాడు.

ఆ మాట విని మా ఆయన బయటికి పోయి ముఖం కడుక్కుని వచ్చాడు.

మూడో రోజు మధ్యాహ్నానికి ఇల్లు ఖాళీ చేయాలి. అందరినీ బొమ్మల పార్కుకు పంపి నేను మామ దగ్గర ఉండిపోయాను. భయం లేదా అని మా తోడికోడలు అడిగింది. రొట్టెలు చేసే మనిషిని చూస్తే నాకేం భయం? ఎసరులో ఏం వేసిందో అడుగుదామనుకున్నాను. అది నిజం.

మామ పొద్దున్నే వంటింటి గడప దగ్గర చేరాడు. నేను హాల్లో కూరగాయలు తరుగుతున్నట్టు కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎండ గడప దాకా వచ్చింది. మామ ఒకసారి లోపలికి, ఒకసారి నా వైపు చూస్తున్నాడు. ఆయన ముఖం మెల్లగా పాత ముఖంలాగా అయిపోతోంది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. దయ్యం గురించి కాదు. ఈయన మళ్ళీ తినడేమో అని.

ఈరన్న గదికి పరుగెత్తి జొన్నపిండి అడిగి తెచ్చాను. నా సెలవు గంగలో కలిసింది. ఎసరు పెట్టి, పిండి పిసికి, ఆ నల్ల పెనం మీదే మొదలుపెట్టాను. మామ చూస్తూ ఉన్నాడు.

మొదటి రొట్టె తడుతున్నాను. తట్టి తట్టి, పెనం మీద వేయడానికి రెండు చేతులతో ఎత్తాను. నా చేతులు గాల్లో ఉన్నాయి. తట్టే చప్పుడు మాత్రం ఆగలేదు. నా ఎడమ పక్కన, నాకు జానెడు దూరంలో, ఇంకో నాలుగైదు దెబ్బలు పడ్డాయి. నా కంటే నిదానంగా, నా కంటే మెత్తగా. తర్వాత ఆగిపోయింది.

నేను తల తిప్పి చూశాను. గట్టు, గోడ, కుళాయి.

"వినపడిందా మామా?" అన్నాను.

"చెయ్యి ఆపొద్దు తల్లీ," అన్నాడు మామ. "పెనం మాడిపోతాది."

ఆ పూట నేను చేసిన రొట్టెలు రెండు తిన్నాడు. అంచులు పగిలినవే.

ముందు రోజు మిగిలిన రొట్టెల్లో ఒకటి సాక్ష్యంగా ఉంటుందని ఆదోనికి తెచ్చి డబ్బాలో దాచాను. తెలిసిన పెద్దవాళ్ళకు చూపించాలనుకున్నాను. రెండో రోజు పొద్దున మా ఆయన దాన్ని టీలో ముంచుకుని తినేశాడు. పైగా, "ఇది బాగుందే, ఎప్పుడు చేసినావు?" అన్నాడు. సాక్ష్యం అట్లా కడుపులోకి పోయింది.

ఈరన్నకు ఫోన్ చేసి, ఆ ఇల్లు కట్టకముందు అక్కడ ఏముండేదని అడిగాను. చేను అన్నాడు. చేను కంటే ముందు? చేనే అన్నాడు. ఎవరన్నా ఆడమనిషి అక్కడ పోయిందా? "చేనులో పని చేసేటోళ్ళు వస్తారు, పోతారమ్మా. యాడని చెప్పేది?" అన్నాడు. అక్కడితో నా విచారణ అయిపోయింది.

మామ ఇప్పుడు తింటున్నాడు. మునుపటి నాలుగు కాదు, పూటకు రెండు. చొక్కా కొంచెం నిండింది. ఆ రొట్టెలు ఎవరు చేశారో, ఆ పిండి ఏ చేనుదో, ఆ పొగ ఏ పొయ్యిదో నాకు ఈ రోజుకీ తెలియదు. పాలు పొంగించినందుకు ఇల్లు మనల్ని తన మనుషులనుకుందని నరసమ్మ అంటుంది. నేను ఔననూ లేను, కాదననూ లేను.

ఆదోనికి తిరిగి వచ్చిన రాత్రి అన్నానికి కూర్చుని మామ పళ్ళెం ముట్టలేదు. ఏమైంది మామా అన్నాను.

"ఆయమ్మ తినిందో లేదో నేను అడగనే లేదమ్మా," అన్నాడు. "మీ యత్తను గూడా యా పొద్దూ అడగలే."

తర్వాత తలెత్తి, నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చాక మొదటిసారి, "నువ్వు తిన్యావా?" అని అడిగాడు. లేదన్నాను. అయితే పళ్ళెం తెచ్చుకో అన్నాడు.