కొసరు హోలు

బండలో ఇరవై నాలుగు హోళ్లు కొట్టడం పూర్తయింది. డ్రిల్లింగ్ చేసే పాలమూరు మామ కంప్రెషర్ ఆపి, తలకు చుట్టిన తువ్వాలు విప్పి ముఖం మీది రాతిపొడి తుడుచుకుంటున్నాడు. నేను అలవాటు చొప్పున అడిగాను.

“మామా, గా మూల మీద ఒక్కటి కొసరు కొట్టు.”

ఆయన తువ్వాలు దించి నన్ను చూశాడు. “బండకు గూడ కొసరా? రేపు దవాఖానల సూది ఏపిచ్చుకోని, ఇంకోటి కొసరు ఎయ్యమంటవేమో.”

అడిగినా అడుగుతాను. మా ఇంటి ముందు దుకాణం ఉండేది అనడం కన్నా, దుకాణానికి అక్కర్లేని చోట మేం ఉండేవాళ్లం అనడం సరిగ్గా ఉంటుంది. నాయన చక్కెర తూచి పొట్లం కట్టాక, గిరాకీ నోరు తెరవకముందే ఒక బెల్లం ముక్క పైన పెట్టేవాడు. ఆ ముక్క గంప అడుగున విరిగి పడి ఉన్నదే అయి ఉండేదని ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లలు మాత్రం దానికోసమే వచ్చేవారు. పెద్దయ్యాక దుకాణం అన్నకు వెళ్లింది, బేరమాడే నోరు నాకు మిగిలింది. ఆ నోటితో ఎక్కడెక్కడో తిరిగి, చివరికి బండలు పేల్చే పనిలో తేలాను. మందు పెట్టి పేల్చే లైసెన్సు నా పేరు మీదే ఉంది. బండకు మనిషి మాటలతో పని లేదని తెలిసి కూడా ఆ పనిలో ఎందుకు నిలిచానో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

కోకాపేటలో ఒక టవర్ కోసం సెల్లారు తవ్వుతున్నాం. గొయ్యి మూలలో, గోడ వైపు, బండ మూపురంలా లేచి ఉంది. ఇంజనీరు పటంలో దానికి హోలు లేదు. దాన్ని తర్వాత మిషన్‌తో పగలగొట్టిద్దామని ఆయన ఉద్దేశం. మందును అంటించే డిటోనేటర్లు కూడా ఇరవై నాలుగే వచ్చాయి, నేను ఇరవై నాలుగుకే సంతకం పెట్టాను. అయినా మూపురం మీద హోలంటూ ఒకటి ఉంటే, వరసలో ఏదో ఒకటి అక్కర్లేదనిపించినప్పుడు దాని డిటోనేటర్ ఇటు మళ్లించవచ్చు కదా అనుకున్నాను. ఊరికే వచ్చేదాన్ని వద్దనడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

మామ సణుగుతూనే మిషన్ ఎత్తుకుని ఆ హోలూ కొట్టాడు.

తర్వాత పని నాది. ప్రతి హోలులో మందు, డిటోనేటర్ దించి, దాని రెండు తీగలు పైకి వదిలి, మూతి దగ్గర మట్టి కూరాలి. మట్టి కూరి ఉందంటే లోపల మందు ఉన్నట్టు. ఖాళీ హోలైతే పైన సిమెంటు సంచి ముక్క కప్పుతాం. ఎవరు వచ్చి చూసినా ఈ తేడా ఒక్కటి చాలు.

సగం పని అయి ఉంటుంది, పైన ర్యాంపు మీంచి ఇంజనీరు పిలిచాడు. ఆయనది భీమవరం వైపు, కోపంలో కూడా అండి వదలడు. “ఒక్కసారి రండి, పక్క టవర్ అసోసియేషన్ ఆయన వచ్చారు. నా మాట వినడం లేదండి.”

మందు పెడుతూ మధ్యలో కదలకూడదు. నాకది తెలుసు. బేరం అనే సరికి కాళ్లు వాటంతట అవే ర్యాంపు ఎక్కాయి. హోళ్ల దగ్గరికి ఎవరినీ రానివ్వవద్దని మామకు చెప్పి వెళ్లాను. ఆ పెద్దమనిషి, మీరు పేల్చే ఒకటిన్నరకే మాకు మీటింగులుంటాయి, కాఫీ కప్పులు అదురుతున్నాయి, మూడింటికి పేల్చండి అన్నాడు. నేను రెండు అన్నాను. ఆయన రెండున్నర అన్నాడు. చివరికి రెండింటికే ఒప్పించి, ఈ వారమంతా ఫిర్యాదు పెట్టనన్న మాట కూడా పైన కొసరుగా తీసుకుని, ఛాతీ కొంచెం ముందుకు పెట్టుకుని కిందికి దిగాను. మిగిలిన హోళ్లు నింపాను. తీగలు కలుపుతూ లెక్కపెట్టాను, ఇరవై నాలుగు జతలు. సరిపోయింది. రాళ్లు ఎగరకుండా రబ్బరు చాపలు, ఇసుక మూటలు కప్పించి, అందరినీ బయటికి పంపి, సైరన్ మోగించి, రెండింటికి పేల్చాను. నేల ఒకసారి గొంతు సవరించుకున్నట్టు కదిలింది, చాపలు లేచి పడ్డాయి.

పొగ తగ్గాక మొదట నేనొక్కడినే దిగాలి. చూసి, విజిల్ వేస్తేనే మిగతావాళ్లు వస్తారు. దిగాను. వరసలన్నీ బాగా పగిలాయి. మూలన మూపురం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దాని మీద కొసరు హోలు. హోలు మూతికి శుభ్రంగా మట్టి కూరి ఉంది.

దగ్గరికి వెళ్లి వంగి చూశాను. ఆ మట్టి మీద బొటనవేలి ముద్ర ఉంది. నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడని చోట, అది నాది కాక ఎవరిది? ఎప్పుడు కూరాను? ర్యాంపు ఎక్కకముందా, దిగాకా? నింపే కూరానా? బేరం గెలిచిన ఊపులో వరస చివరి హోలు వదిలేసి, దాని డిటోనేటర్ ఇందులో దించానా? నేను తీగలు లెక్కపెట్టాను, అవి ఏ హోళ్లలోంచి వస్తున్నాయో లెక్కపెట్టలేదు. హోళ్లన్నీ క్షణం తేడాలతో పేలతాయి, పక్కవి ముందు పేలి దీని తీగను తెంపేస్తే, మందు లోపల అలాగే ఉండిపోతుంది. తెగిన తీగ ముక్కలు చుట్టూ బోలెడు పడి ఉన్నాయి. ఏది దేనిదో ఎలా చెప్పడం? వరస చివరి హోలు నిజంగా పేలిందా అని వెతికితే, అక్కడంతా ఒకటే రాళ్ల కుప్ప.

పైన పొక్లెయిన్ ఆపరేటర్ ఇంజను వేసి ఉంచాడు. నల్లగొండ పిల్లగాడు, పోయిన నెలే కూతురు పుట్టిందని అందరికీ పేడాలు పంచాడు. రాళ్లు ఎత్తడం ఆ మూల నుంచే మొదలుపెట్టాలి. బకెట్ పళ్లు మొదట తగిలేది ఆ మూపురానికే. లోపల మందు ఉంటే ముందు పోయేది అతనే. ఆ వెనక టిప్పర్లు వరసగా ఆగి ఉన్నాయి.

“క్లియరేనా అండి?” ఇంజనీరు పైనుంచి అడిగాడు.

విజిల్ నా మెడలో ఉంది. నోట్లో పెట్టుకున్నాను, తీశాను. ఆపాలంటే పటంలో లేని హోలు కొట్టించానని ఒప్పుకోవాలి. ఏదో ఒకటి చెప్పి తప్పించుకునే నోరు నాది, ఆ నిమిషంలో ఏమీ దొరకలేదు. పైకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఇంజనీరు ర్యాంపు అంచుకు వచ్చి మూపురం వైపు చూశాడు. “అంటే ఉందా, లేదా అండి?”

“తెల్వది సార్.”

“మీరే కదండీ పెట్టింది.”

“నేనే పెట్టిన. అందుకే తెలుస్తలేదు.”

“సరే, అటు చివర నుంచి సగం ఎత్తిద్దామా అండి?”

అంతకుముందు రోజైతే ఆ సగాన్ని పావు చేసి, పావును ముప్పావు చేసి ఏదో ఒకచోట తెగ్గొట్టేవాడిని. “సగం లేదు సార్,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆపరేటర్ ఇంజను ఆపి క్యాబిన్ దిగి వచ్చాడు.

“అన్నా, నేను ఎక్కాల్నా వద్దా? ఒక్కటి చెప్పు.”

“ఎక్కకు.”

మామను పక్కకు పిలిచి అడిగాను. “నేను మట్టి ఎప్పుడు కూరిన?”

“పైకి పోకముందే కూరినవ్. నేను చూసిన.”

“మందు పెట్టినంకనా?”

“నేను పైపు చుడుతున్న. మట్టి పెట్టుడే చూసిన.”

నాకేమో దిగాక కూరినట్టు గుర్తు. ఎవరి గుర్తును నమ్మాలి? ఆయనకు నా తప్పు దాచాల్సిన పని లేదు, నాకు దాచుకోవాలని బలంగా ఉంది. కనుక ఆయన మాటే నమ్మాలి. కాని ఆయన చూసింది సగమే.

పేలని మందు ఉందనుకున్నప్పుడు ఆగాల్సినంత సేపు ఆగి, అందరినీ మళ్లీ దూరం పంపి, నేనొక్కడినే దిగాను. సన్నగా నీళ్లు వదిలి మట్టిని మెల్లగా కరిగించాను. తీగ కనిపిస్తుందేమోనని చూశాను. కనిపించలేదు. తెగి లోపలికి జారిపోయి ఉండవచ్చు కదా. నీళ్లు మాత్రం అనుకున్నదాని కన్నా తొందరగా నిండి మూతి దాకా వచ్చేశాయి. హోలు ఎంత లోతు ఉండాలో నాకు తెలుసు. అన్ని నీళ్లు పట్టలేదు. అంటే సగం దాకా లోపల ఏదో ఉంది.

పైకి వచ్చి చెప్పాను. “సగం కాడ ఏదో అడ్డం ఉంది.”

మామ తువ్వాలు మడత పెట్టడం మొదలుపెట్టాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు. “ఏమనుకోకు. అది సగమే కొట్టిన.”

“ఏంది?”

“నువ్వు కొసరు అడిగినవ్. కొసరుకు మొత్తం కొడ్తరా ఎవలన్న?”

గంప అడుగున విరిగిన బెల్లం గుర్తొచ్చింది. ఇంత తెలిసినవాడిని, నాకు వచ్చిన ముక్క మాత్రం నిండుగా ఉంటుందని ఎలా అనుకున్నాను? అయినా మామ మాట మీద ఒక మనిషిని బండ మీదికి పంపడం కుదరదు. నీళ్లు తోడేసి లోపల కంటితో చూడాలి. దానికి ఎండ కావాలి, అద్దం కావాలి. ఎండ ఉంది. ఆపరేటర్ మారు మాట్లాడకుండా పొక్లెయిన్ పక్క అద్దం విప్పి ఇచ్చాడు. “పగలగొట్టకు, మల్ల నాకు గావాలె.”

చెంబుకు తాడు కడితే హోలులో పట్టలేదు, గుడ్డ పేలికలు దించి నీళ్లూ, కరిగిన మట్టీ అంతా పీల్చి తీశాను. అద్దాన్ని ఎండకు పట్టి వెలుగును లోపలికి తిప్పాను. మొదట వెలుగు బండ మీదే తిరిగింది. తర్వాత లోపలికి దిగింది. అడుగున తడి రాయి, డ్రిల్లు గీతలతో సహా, బూడిద రంగులో మెరిసింది. రాయి తప్ప ఏమీ లేదు. రెండోసారి చూశాను. మూడోసారి ఇంజనీరును పిలిచి చూపించాను.

“రాయేనండి,” అన్నాడాయన. “మరి మట్టి ఎందుకు కూరినట్టండి?”

మందు పెట్టే ముందే కూరి ఉంటాను, చేతులకు అలవాటు పని. బుర్ర అప్పటికే ర్యాంపు ఎక్కి బేరం మొదలుపెట్టి ఉంటుంది. ఇది కూడా ఊహే. ఆ ముద్ర నా వేలిదే, కూరిన జ్ఞాపకం మాత్రం నాది కాదు, మామది.

విజిల్ వేశాను. ఆపరేటర్ అద్దం బిగించుకుని, క్యాబిన్ తలుపు పట్టుకుని ఆగాడు.

“విజిల్ సరే అన్నా. నువ్వు గూడ జర ఈడ నా పక్కన నిలబడు.”

“నేనెందుకు?”

“కొసరు.”

ఇంజనీరు నవ్వాడు. మామ నవ్వలేదు. క్యాబిన్ మెట్టు మీద నేను నిలబడి తలుపు కమ్మీ పట్టుకున్నాను. మిషన్ ర్యాంపు దిగింది, బకెట్ మెల్లగా మూల వైపు తిరిగింది. కంటితో మూడుసార్లు చూసినవాడిని, అయినా పళ్లు మూపురానికి ఆనిన ఆ క్షణంలో, లోపల ఏముందో నాకు మళ్లీ తెలియకుండా పోయింది.