జోలపాటతో దూకిన బండి

ఒక ఊరి పెద్దలందరికీ, నడిగాల్లో, వాళ్లు గట్టిగా అరుస్తున్న సమయంలో జోలపాట వినిపించిన ఘనత నాది. అలాంటి పని కావాలని ఎవరూ చేయరు. నేను మాత్రం ఎంతో శ్రద్ధగా, నిద్ర మానుకుని మరీ చేశాను. ఎలా చేశానో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. జాలి మాత్రం వద్దు, ఎందుకంటే అప్పటి నన్ను చూస్తే మీకు జాలి పుట్టదు.

మాది బోనకల్. హైదరాబాదులో ఫంక్షన్ హాళ్లకు సౌండ్ చూసుకునే పనిలో కొన్నేళ్లు ఉండి, సంగీతంలో నాకు తెలియనిది ఇక మిగల్లేదని తేల్చేసుకున్న రోజులవి. సత్తుపల్లి వైపు వ్యవసాయం చేసే చలపతిరావు గారు, భద్రాచలం వెళ్లే దారిలో టేకు అడవి మొదలయ్యే చోట, తన మామిడితోటలో చిన్న వినోదాల పార్కు కట్టించారు. ఎక్కడో మూతపడిన పార్కు నుంచి ఒక పాత రోలర్ కోస్టర్ తెప్పించి నిలబెట్టారు. దానికి సంగీతం, అలంకరణ సమకూర్చమని నన్ను పిలిచారు.

ఆయన కోరిక చాలా సాదాసీదాది. ముందొక రాక్షసుడి తల, దాని నోట్లోంచి బండి దూరాలి, చెవులు పగిలేలా డీజే మోగాలి. నేను తల అడ్డంగా ఊపాను.

"రాక్షసుడు ప్రతి ఎగ్జిబిషన్‌లోనూ ఉంటాడు సార్. మనది కల లెక్క ఉండాలె" అన్నాను.

"ఎవరి కల?" అన్నారాయన అనుమానంగా.

"ఎక్కినోళ్లది."

నేనూరుకోలేదు. గొలుసు బండిని పైకి లాగుతున్నంతసేపు వేణువు, పిట్టల కూతలు. కొసకు చేరగానే ఒక్క క్షణం నిశ్శబ్దం. కిందికి జారేటప్పుడు అడవి మీద వాన విరుచుకుపడినట్టు డప్పులు, ఉరుములు. చివర్లో బండి మెల్లబడి స్టేషన్‌కు వస్తుంటే ఒక జోలపాట. చుట్టూ నీలం దీపాలు, తీగలు, తెల్లటి పొగమంచు. ఇదంతా చేతులు తిప్పుతూ ఎంత బాగా చెప్పానంటే, చెప్పడం అయ్యేసరికి నా కళ్లే చెమర్చాయి. ఆయన కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. మొదటిరోజు వాళ్లమ్మ సీతారావమ్మ గారు ముందు సీట్లో కూర్చుంటారు. ఆవిడ బాగుందంటే నా కల ఉంటుంది, లేదంటే రాక్షసుడు వస్తాడు.

సీతారావమ్మ గారు కొత్త పెళ్లికూతురిగా కృష్ణా జిల్లా నుంచి వచ్చి, తుప్పలు కొట్టించి ఆ తోట వేయించిన మనిషి. దేన్నీ మెచ్చుకోరు. ఎంత తియ్యటి మామిడిపండు చేతికిచ్చినా తిని, టెంక పక్కన పెట్టి, "పోయినేడువి నయం" అంటారు.

పాటంతా ఒకే ముక్కగా కూర్చాను. ఆపరేటర్ రాములు పచ్చ మీట నొక్కగానే బండీ, పాటా కలిసి మొదలవుతాయి. ఏ చప్పుడు ఎక్కడ రావాలో సరిచూసుకోవడానికి రోజూ తెల్లవారుజామున నేనొక్కదాన్నే ఎక్కేదాన్ని. రాములు తిరుమలాయపాలెం మనిషి, అంతకుముందు ట్రాక్టరు నడిపినవాడు. ఆవలిస్తూ మీట నొక్కేవాడు.

ఆ ఉదయాలు ఇప్పటికీ నా ఒంట్లో ఉన్నాయి. అడవిలోంచి వచ్చే మంచు, నా యంత్రం వదిలే పొగ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. బండి తేలికగా, చప్పుడు లేకుండా పైకి పోయేది. వేణువు ఆగేచోట నిజం పిట్టలు అందుకునేవి. కొసకు చేరితే టేకు చెట్ల తలలు తెల్లటి నీళ్లలో మునిగినట్టుండేవి, ఆ నీళ్ల మీద నేనొక పడవలో ఉన్నట్టుండేది. తర్వాత డప్పులు, జారుడు, గుండె గొంతులోకి రావడం. జోలపాట దగ్గరికి వచ్చేసరికి సగం నిద్రలో ఉండేదాన్ని. ఇంత అందమైన పని ఇంతకుముందు ఎవరూ చేయలేదని నాకు గట్టి నమ్మకం కుదిరింది. బండిలో నేనొక్కదాన్నే ఉన్నాననే సంగతి మాత్రం తట్టలేదు.

ప్రారంభం రోజు సాయంత్రం సీట్లన్నీ నిండాయి. ముందు సీట్లో సీతారావమ్మ గారు పట్టుచీర చెంగు నడుముకు బిగించి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, బస్సెక్కినట్టు కూర్చున్నారు. వెనుక ఊరి పెద్దలు, చుట్టాలు, తెల్ల చొక్కాలు. పార్కులో దీపాలన్నీ వెలిగాయి, ఐస్‌క్రీం ఫ్రిజ్‌లన్నీ గుర్రుమన్నాయి, కరెంటు నీరసపడింది. రాములు మీట నొక్కాడు.

వేణువు మొదలైంది. బండి కదిలింది. కదిలింది అనడం మర్యాద కోసం. నిండుచూలాలు మెట్లెక్కినట్టు ఒక్కో అడుగే పైకి పోతోంది.

"మేడం, గుంజలేకపోతాంది" అన్నాడు రాములు మెల్లగా.

వేణువు అయిపోయింది, బండి ఇంకా సగం ఎత్తులోనే ఉంది. నా ప్రాణప్రదమైన నిశ్శబ్దం వచ్చి వెళ్లింది. ఆ వెంటనే డప్పులు, ఉరుములు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. నత్తలా పాకుతున్న బండికి యుద్ధానికి పోతున్నంత హడావిడి. వెనుక సీట్లలో ఒకాయన ఏదో విరిగిందనుకుని కడ్డీని కావలించుకున్నాడు. కింద జనం ఇంకేదో జరుగుతుందని నోళ్లు తెరిచి చూశారు. ఏమీ జరగలేదు. డప్పులు అలిసిపోయి ఆగాయి. అప్పుడు బండి కొసకు చేరింది, జోలపాట మొదలైంది, బండి పాతాళానికి దూకింది.

అడవి అంచున అంతమంది పెద్దమనుషులు అరుస్తుంటే, వాళ్ల అరుపుల కిందుగా, తల్లి గొంతులాంటి గొంతు తీరిగ్గా "జో... జో..." అంటోంది. నేను స్పీకరు వెనక్కి పోయి కూర్చున్నాను. అక్కడినుంచి, రాబోయే రాక్షసుడి తల నాకు స్పష్టంగా కనిపించింది.

బండి ఆగింది. పాట కూడా ఆగిపోయింది. ఎవరూ దిగలేదు. చలపతిరావు గారు పరుగున పోయి వాళ్లమ్మ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి విడిపించుకుని నన్ను పిలిపించారు.

"ఏవమ్మా, నువ్వేనా ఇది కట్టింది?"

"అవునండీ మామ్మగారూ."

"ముందు ఊరంతా వినేట్టు కేకలు, తర్వాత తోసెయ్యడం, పడుతుంటే జోలపాట. మా అత్తగారు అచ్చం ఇంతే. ఆవిడ్ని మళ్లీ చూసినట్టైంది." జుట్టు సర్దుకుంటూ ఆవిడ నవ్వారు. ఆవిడ నవ్వడం తాను చూడటం అదే మొదలని చలపతిరావు గారు తర్వాత అన్నారు. "ఇంకోసారి తిప్పించు."

ఇంకోసారి తిప్పాం. చీకటి పడేలోపు పార్కు బయట వరస రోడ్డు దాకా పోయింది. జోలపాట వింటూ పడాలని ముదిగొండ నుంచి కూడా బండ్లు కట్టించుకుని వచ్చారు.

ఇక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే కథ సుఖాంతం. కానీ నా కళ ఏం కావాలి? కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి సెన్సర్లు తెప్పించి, బండి ఎక్కడుంటే అక్కడి పాటే మోగేలా పట్టాలకు బిగించాను. ఈసారి వేణువు వేణువు చోట, డప్పులు డప్పుల చోట. నా కల నూటికి నూరుపాళ్లు సరిగ్గా వచ్చింది. జనం దిగి, చెప్పులేసుకుని, మాట్లాడకుండా వెళ్లిపోయారు.

మర్నాడు చలపతిరావు గారి ఫోను.

"మాధవీ, కోస్టరు పాడైంది. అమ్మ ఎక్కి దిగి, పోయినవారం నయం అంది. జల్దీ వచ్చి బాగుచెయ్."

వెళ్లాను. సెన్సర్ల కోసం పాత పాటను ముక్కలు చేసేశాను, అసలుది దాచుకోలేదు. చెప్పొచ్చేదేమంటే, తప్పు చేయడం చాలా తేలిక, అదే తప్పు మళ్లీ చేయడమే కష్టం. డప్పులు ఎంత ముందు రావాలి, జోలపాట ఎంత ఆలస్యంగా అందుకోవాలి, ఏదీ కుదరలేదు. ఒకసారి జోల తొందరపడింది, ఇంకోసారి ఉరుము మిగిలిపోయి దిగేవాళ్ల మీద పడింది. కొన్ని వారాల పాటు, అనుకోకుండా ఒక్క సాయంత్రం చేసిన పొరపాటుకు శిష్యరికం చేశాను. చివరికి సీతారావమ్మ గారు దిగి, "ఆఁ, ఇప్పుడు బాగుపడింది" అన్నాక ఇంటికి పోనిచ్చారు.

కాబట్టి టేకు అడవి సాక్షిగా, గొలుసు సాక్షిగా, తక్కువ వోల్టేజీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను చేసిన తప్పును, నలుగురికీ నచ్చలేదని రూఢి అయ్యేదాకా, ఛస్తే సరిదిద్దను.