దగ్గుతో సహా వెళ్లిన జోలపాట

మొన్న కడప నుంచి ఫోన్ వచ్చింది. "మా అబ్బా పోయినాడన్నా," అన్నాడు ఉస్తాద్ కొడుకు. నా గొంతును దిద్దింది ఆయనే.

డెబ్బైల్లో అరబ్బు దేశంలో, సలాలా పక్కన రైసూత్ పోర్టు పనిలో ఆయన వెల్డరు, నేను కరీంనగర్ నుంచి వెళ్లిన కూలీని. రూమ్‌లో ఆయన మంచం కింద పాత హార్మోనియం ఉండేది. అందుకే అందరికీ ఉస్తాద్.

నేను వెళ్లిన ఐదు నెలలకు ఇంటి దగ్గర ఆడపిల్ల పుట్టింది. నన్ను ఎరగకుండానే పెరుగుతుందేమోనని ఒకటే బెంగ. మా ఊరి మనిషి సెలవు మీద వెళ్తున్నాడంటే, నా జోలపాటతో టేప్ రికార్డరు పంపాలనుకున్నాను. పాటా, నేనా!

"నాతోని గాదు ఉస్తాద్. నాది కాకి గొంతు."

"ఎవురు చెప్పినారప్పా? కూర్చో."

పది రోజులు డ్యూటీ దిగగానే సాధన. ఆయన పద్ధతికి నాకు ఒళ్లు మండేది. నిన్న తప్పిన చోటే ఇవాళ మొదలు. వచ్చిన చరణం అందుకోబోతే హార్మోనియం మూసేసేవారు. "వచ్చిందే పాడుకుంటా కూర్చుంటే రానిది ఎప్పుడొస్తాది?"

ఇంకా కుదరలేదంటూ రికార్డింగును మా ఊరి మనిషి ప్రయాణం రోజు దాకా లాగాను. బయట కంపెనీ ట్రక్కు హారన్ కొడుతోంది. ఉస్తాద్ రికార్డరు మీట నొక్కారు. పై స్థాయిలో గొంతు చీరుకుపోయి దగ్గొచ్చింది. ఆపబోతే నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆపొద్దు. ఆన్నుంచే ఎత్తుకో."

మళ్లీ తప్పింది, మళ్లీ దగ్గు. మళ్లీ హారన్. మూడోసారి పలికింది.

"మొదటి నుంచి పాడుత ఉస్తాద్, ఇది వింటె నవ్వుతరు," అని బతిమాలాను.

"నవ్వనీ. నాయన తప్పి తప్పి నేర్చుకున్యాడని బిడ్డకు తెలియల్ల," అంటూ రికార్డరు తీసుకెళ్లి ట్రక్కులో ఉన్న మా ఊరి మనిషికి ఇచ్చేశారు.

నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ నా మంచం పక్కనే కూర్చుని శ్రుతి పట్టేవారు. ఐదో రోజు నేనే గొంతు కలిపాను. ఆ మొండితనానికి ఇవాళ దండం పెడుతున్నాను.

మరో రెండేళ్లు నేర్చుకుని ఇంటికొచ్చాను. బిడ్డ నన్ను చూసి తల్లి వెనక దాక్కుంది. "మీ నాయననే బిడ్డా," అని తల్లి చెబితే, టేప్ రికార్డరు వైపు వేలు చూపించి, "నాయన అండ్ల ఉంటడు," అంది. నా ప్రాణం ఉసూరుమంది.

చాప మీద కూర్చుని జోలపాట ఎత్తుకున్నాను, ఒక్క తప్పూ లేకుండా. బిడ్డ తల బయటపెట్టి విన్నది. పై స్థాయి దాటగానే మొహం చిట్లించింది.

"గట్ల గాదు," అంటూ వచ్చి నా ఒళ్లో కూర్చుంది. గొంతు చీరుకునేలా పాడి, దగ్గి, మళ్లీ పాడి, మళ్లీ దగ్గి, అక్కణ్నుంచే ఎత్తుకుంది.